దిగే ముందు మాత్ర

మాల్సున్‌కి తెలియని సంగతంటూ ఒకటుంటే నిద్ర పట్టదు. ఆక్టోపస్ కడుపు కోసి, అది పొద్దున ఏం తిన్నదో చూసే రకం. నలభై ఏళ్ళుగా ఈ కొరియా జేజు దీవి తీరంలో నాతో పాటు సముద్రంలో మునిగి నత్తగుల్లలు ఏరుతోంది. నాకంటే రెండేళ్ళు చిన్నదే కానీ, మాటల్లో మాత్రం నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది.

అలాంటి మనిషి, ఆ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు నోరు మెదపలేదు. సియోల్ నుంచి దాని అన్న కూతురు రాసింది. ఆ అన్నా, అంతకుముందు మాల్సున్ వాళ్ళమ్మా, ఇద్దరూ మెదడులో గడ్డతోనే పోయారు. ఇప్పుడా పిల్ల రక్తం పరీక్ష చేయించుకుంటే, తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు దిగే జన్యులోపం ఒకటి బయటపడిందట. "నువ్వూ చేయించుకో అత్తా. నీకుంటే బోరాకీ ఉండొచ్చు" అని రాసింది. బోరా మాల్సున్‌కి ఒక్కగానొక్క కూతురు.

ఐదో రోజున, ఒడ్డున నిప్పు చుట్టూ కూర్చున్నప్పుడు నోరు విప్పింది.

"అన్నకి వచ్చేసిందిగా అక్కా. ఇద్దరు పిల్లల్లో ఒకరికే కదా దిగేది, ఇంక నాకెందుకొస్తుంది?"

"నన్నడుగుతావేంటే? నేనేమన్నా డాక్టరు చదివానా?"

అన్నందుకు నన్నే తోడుగా ఆసుపత్రికి లాక్కెళ్ళింది. అక్కడ ప్రశ్నలతో డాక్టరమ్మని ఊపిరి పీల్చుకోనివ్వలేదు.

"అలా వంతులుండవు పెద్దమ్మా" అంది డాక్టరమ్మ. "ప్రతి బిడ్డకీ మళ్ళీ కొత్తగా బొమ్మా బొరుసా వేసినట్టే."

"ఉంటే గడ్డ వచ్చి తీరుతుందా?"

"తీరాలని లేదు. ముప్పు ఎక్కువ, అంతే. ఏటా తల స్కాన్ తీసి కనిపెట్టుకుని ఉంటాం. మీ అమ్మగారికి ముందు నుంచీ తలనొప్పి ఉండేదా?"

మాల్సున్ పకపకా నవ్వింది. "సముద్రంలో మునిగేదాన్ని పట్టుకుని తలనొప్పి ఉందా అంటావేంటి తల్లీ! మాకందరికీ ఉంటుంది. దిగే ముందు ఓ మాత్ర వేసుకుంటాం."

ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"అమ్మ చేతిలో రోజూ ఆ మాత్ర పెట్టింది నేనే" అంది మెల్లగా. "ముందు ఒకటి. తర్వాత రెండు. ఆ తర్వాత మూడు. అందరికీ ఉండేదేగా అనుకున్నాను."

మూడు వారాలకు రక్తపరీక్ష ఫలితం వచ్చింది. మాల్సున్‌కి ఆ లోపం లేదు. ఇక ఆమె నుంచి బోరాకి దిగే ప్రసక్తే లేదు. ఫోన్లో కూతురికి చెబుతూ భోరుమంది. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు.

మర్నాడు పొద్దున నీళ్ళలో దిగబోతూ డబ్బాలోంచి నా మాత్రలు తీశాను. మాల్సున్ నా మణికట్టు పట్టుకుంది.

"రోజుకెన్ని అక్కా?"

"రెండు. నొప్పి ఎక్కువైతే ఇంకోటి."

"నిరుడు?"

"ఒకటి. అబ్బబ్బ, చంపుతున్నావే! మా వంశంలో ఎవరికీ గడ్డల్లేవు."

"అదీ అడిగాను డాక్టరమ్మని. మెదడులో గడ్డ వచ్చినవాళ్ళలో చాలామందికి వంశంలో ఎవరికీ లేదట."

"అయితే ఇప్పుడేమంటావు?"

"అమ్మని అడగలేదు. నిన్ను అడుగుతున్నాను."

సముద్రం ఆ రోజు నూనె పోసినట్టు ఉంది. అలాంటి రోజున నేను దిగకుండా ఉండటం నలభై ఏళ్ళలో అదే మొదటిసారి. మాత్రల డబ్బా తన జేబులో వేసుకుని, మాల్సున్ నాకంటే ముందే ఆసుపత్రి బస్సెక్కి కూర్చుంది.