అరవై ఒకటో చీటీ

మినగావా హరుయోకి నేరశాస్త్రం మీద మనసు పడింది సైకిల్ పోయినందుకు. ఒకటి కాదు, మూడు పోయాయి. మూడూ స్టేషన్ పక్క షెడ్డులోంచే, మూడూ ఒకే మూల నుంచి. అప్పటికి ఆవిడ ముప్పై ఏళ్ళుగా బడి వంటశాలలో పిల్లలకి వండిపెడుతోంది. మూడోది పోయినప్పుడు పోలీసు గదిలో కానిస్టేబులు, "ఈసారి రెండు తాళాలు వెయ్యండమ్మా" అన్నాడట. "తాళం సంగతి సరే నాయనా, ఆ మూల నుంచే ఎందుకు పోతోంది?" అని ఈవిడ అడిగిందట. అతనికి తెలియదు.

జిల్లా కేంద్రంలోని యూనివర్సిటీలో శనివారాలు మామూలు జనానికి పాఠాలు చెప్తారు. నేరశాస్త్రం అన్న కాగితం చూసి, గంటన్నర బస్సులో కూర్చుని వెళ్ళింది. పాఠం అయ్యాక లేచి సైకిళ్ళ మూల గురించి అడిగితే ప్రొఫెసరు నవ్వి, "మంచి ప్రశ్నండీ, కాని ఎవరూ లెక్కపెట్టలేదు" అన్నాడు. నవ్వినందుకు ఒళ్ళు మండిందో, లెక్కపెట్టనందుకు మండిందో గాని, ఆ మర్నాటి నుంచి తీరిక దొరికినప్పుడల్లా స్టేషన్ ముందు బెంచీ మీద నోటుపుస్తకంతో కూర్చుంది. అలా నాలుగు నెలలు. చివరికి తేలిందేమిటంటే, అక్కడ పెట్టిన కూల్‌డ్రింకుల మెషిన్ వెనక నిలబడ్డవాడు టికెట్ గేటు దగ్గరున్న మనిషికి కనపడడు. స్టేషన్ వాళ్ళ ప్రాణాలు తోడి ఆ మెషిన్ని పదడుగులు పక్కకి జరిపించింది. ఆ మూలలో మళ్ళీ సైకిల్ పోలేదు.

ఇక ఆవిణ్ణి ఆపడం ఎవరి తరం? రిటైరయ్యాక మా హమాఉరా పేట కమ్యూనిటీ హాల్లో నెలకో క్లాసు పెట్టింది. "పేటవాళ్ళ నేరశాస్త్రం" అని సొంత దస్తూరీతో రాసి తలుపుకి అంటించింది. మొదటి రోజు వెళ్ళింది నలుగురం. చేపల వలల దుకాణం నిషినో తాత హాల్లో స్టవ్ వెచ్చగా ఉంటుందని వచ్చాడు, వచ్చి నిద్రపోయాడు. నాకు వీధిలో సెలూన్ ఉంది. ఇరవై ఏళ్ళుగా నా దగ్గర జుట్టు కత్తిరించుకుంటున్న మనిషి పిలిస్తే మానేస్తే బాగుండదని వెళ్ళాను.

"నేరం చేసేవాడు ఎలా ఉంటాడో చెప్పండి" అంది మొదట.

నల్ల జాకెట్, టోపీ, మూతికి మాస్కు అని మేం తలో మాటా చెప్పాం.

"అయితే జనవరిలో మన పేటంతా నేరస్థులే" అంది ఆవిడ. "మొహాలు వదిలెయ్యండమ్మా. చోటు చూడండి. ఎవరి కంటా పడని చోటు, ఎవరైనా సులువుగా వచ్చిపోయే చోటు ఎక్కడుందో అది చూడండి."

ఆరేళ్ళ పాటు ఇదే పాట. నేను తలూపుతూనే ఉన్నాను. తలూపడానికి ఏం పోయింది?

కువానా మా పేటకి వచ్చింది ఒక సెప్టెంబరులో. నిషినో తాత దుకాణం మీది గదిలో దిగాడు. చేపల మార్కెట్లో పని. దిగిన రోజే పద్ధతి ప్రకారం ఇరుగు పొరుగులకి కొత్త తువ్వాళ్ళ పొట్లాలు పట్టుకుని బయల్దేరాడు. నలభై ఆరేళ్ళ మనిషి, నా గుమ్మంలో నడుం సగానికి వంచి, "కువానా అంటారండీ. దొంగతనం చేసి నాలుగేళ్ళు జైల్లో ఉండొచ్చానండీ. మీ చల్లని చూపు ఉండాలండీ" అన్నాడు. అలా చెప్పేవాణ్ణి నేనెక్కడా చూడలేదు. పొట్లం చేతిలో పట్టుకుని, ఏం అనాలో తోచక, "ఎండలింకా తగ్గలేదు కదండీ" అన్నాను. నా తెలివి అలా ఏడ్చింది.

మా వీధి మొగలో పేట సంఘం కట్టించిన పసుపు బ్యానరొకటి ఉంది. పలకరింపులున్న వీధిలోకి దొంగ రాడని దానిమీద రాసి ఉంటుంది. కట్టి పదేళ్ళయింది, మంచుకీ ఎండకీ వెలిసిపోయింది. పేట మొత్తం మీద దాన్ని నిజంగా నమ్మినవాడు కువానా ఒక్కడే. కనపడ్డ ప్రతివాళ్ళనీ పలకరించేవాడు. గట్టిగా, జైల్లో హాజరు పలికినట్టు. బడి నుంచి వచ్చే పిల్లల్ని కూడా.

మా ఊళ్ళో ఎవరైనా అనుమానంగా కనపడితే ఒక నంబరుకి ఫోన్ చేస్తాం. సాయంత్రానికల్లా అందరి ఫోన్లలోకీ మెసేజీ వచ్చేస్తుంది. అక్టోబరు నుంచి ఆ మెసేజీల్లో మా పేట పేరే మోగిపోయింది. నల్ల జాకెట్ మనిషి, నలభై దాటినవాడు, బడిపిల్లతో "వచ్చేశావా, చీకటి త్వరగా పడుతోంది, జాగ్రత్తగా వెళ్ళు" అన్నాడు. అంతే. పలకరించండని బ్యానరు కట్టింది మేమే, పలకరించాడని ఫోన్ చేసింది మేమే.

పేట సంఘం ప్రెసిడెంటు ఒరిహారా బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. చెడ్డవాడు కాదు, తుమ్మాలన్నా నలుగుర్ని అడిగే రకం. జనవరిలో నిషినో తాత దగ్గరికి వెళ్ళి, "మార్చి ఆఖరుకి ఆ గది ఒప్పందం అయిపోతుంది కదా, మళ్ళీ రాయకండి. ఫిబ్రవరి సమావేశంలో పేట మాటగా తీర్మానం చేస్తాం" అన్నాడు. గది పోతే కువానాకి మార్కెట్లో పని పోతుంది, అడ్రసు లేనివాణ్ణి వాళ్ళు పెట్టుకోరు. జైలు నుంచి వచ్చినవాడికి ఇల్లూ పనీ రెండూ పోతే మళ్ళీ ఎక్కడ తేలతాడో హరుయోకి అంకెలతో సహా తెలుసు.

ఆ వారమే నా సెలూన్‌కి వచ్చింది, జుట్టు కోసం కాదు.

"మిచీ, సోమవారం నీ షాపు మూసే ఉంటుందిగా. నాకు నేల కావాలి."

"నేలేంటక్కా?"

"మూడేళ్ళ మెసేజీలు ఏరాను. ఎనభై మూడు. మెసేజీకో చీటీ రాశాను. మా ఇంట్లో పరిస్తే కాలు పెట్టే చోటు లేదు."

ఆ సోమవారం కుర్చీలు గోడకి నెట్టి నేలంతా చీటీలు పరిచాం. మర్నాటి నుంచి ఒక్కో చీటీ పట్టుకుని, అందులో రాసిన చోటికి, రాసిన వేళకే వెళ్ళి ఆవిడ నిలబడేది. డెబ్భై ఒక్క ఏళ్ళు, మోకాళ్ళ దాకా మంచు. "ఫొటో తీసుకొచ్చెయ్యొచ్చు కదక్కా" అంటే, "ఫొటోకి చెవులున్నాయా? అక్కడ అరిస్తే ఎవరికి వినపడుతుందో నిలబడితేనే తెలుస్తుంది" అని నన్ను కసిరింది. ఒకరోజు జ్వరంతో కూడా వెళ్ళింది. ఆపబోయిన వాళ్ళ కోడలికి చీవాట్లు పడ్డాయి.

రెండో సోమవారం చీటీలు వరసలో పెడుతుంటే నా చేతికి అరవై ఒకటోది వచ్చింది. అక్టోబరు, సాయంత్రం నాలుగు పది, మూడో అడ్డవీధి. చీకటి త్వరగా పడుతోంది, జాగ్రత్తగా వెళ్ళు.

ఆ ఫోన్ చేసింది నేను. ఆ పిల్ల నా మనవరాలు చినామి. ఆ రోజు ఒక గిరాకీకి జుట్టు సగం కత్తిరించి ఉన్నాను. కుర్చీలో ఆయన అద్దంలోంచి చూసి "అదుగో, వాడే" అన్నాడు. దువ్వెన చేతిలో ఉండగానే ఫోన్ అందుకుని, బయటి నుంచి వినపడ్డ మాటలు వినపడ్డట్టే చెప్పేశాను. ఆ తర్వాత చినామిని అడిగితే, "వచ్చేశావా అన్నారు, వచ్చేశానండీ అన్నాను మామ్మా" అంది. అది విన్నాక కూడా నేను మళ్ళీ ఫోన్ చేసి, పొరపాటండీ అని చెప్పలేదు. ఆరేళ్ళు నేరశాస్త్రం విన్నదాన్ని.

"ఏంటి, అక్కడే ఆగిపోయావు?" అంది హరుయో.

"ఏం లేదక్కా, దస్తూరీ తెలీడం లేదు" అన్నాను.

ఫిబ్రవరి సమావేశానికి హాలు నిండిపోయింది. హరుయో పేట పటం గోడకి అంటించి, తను చూసింది చూసినట్టు చెప్పింది. ఎనభై మూడింటిలో డెబ్భై నాలుగు ఉత్త పలకరింపులు, దారి అడగడాలు, ఊరికే నిలబడడాలు. వాటిలో ఒకటి బస్సు కోసం చూస్తున్న ఒరిహారాగారే అని ఆవిడ తేల్చినప్పుడు హాలంతా నవ్వింది, ఆయనా నవ్వాడు. మిగిలిన తొమ్మిదీ నిజంగా భయపడాల్సినవి. పిల్లల వెంటపడ్డవి, చెయ్యి పట్టుకు లాగినవి. ఆ తొమ్మిదీ రెండే చోట్ల జరిగాయి: రైలు కట్ట కింది దారిలో, మూతపడ్డ ఈతకొలను వెనక. రెండు చోట్లా పొదలు మనిషెత్తు పెరిగి ఉన్నాయి. తొమ్మిదింటిలో ఏడు కువానా ఈ ఊరికి రాకముందువి. మిగతా రెండింటి వేళకి అతను మార్కెట్లో పనిలో ఉన్నాడు.

ఒరిహారా గొంతు సవరించుకున్నాడు. "లెక్కలు బాగున్నాయి మినగావాగారూ. కాని రేపు ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది?"

మా దగ్గర ఎంత మంచి మాటనైనా ఈ ఒక్క ప్రశ్న చంపేస్తుంది.

"ఆ రైలు కట్ట కింద జరిగినవాటికి బాధ్యత ఎవరు తీసుకున్నారండీ?" అంది హరుయో. గొంతు పెంచలేదు. "మన కళ్ళన్నీ తెచ్చి ఒక్క మనిషి మీద పెట్టాం. పిల్లలు నడిచే దారిని గాలికొదిలేశాం."

అప్పటికీ ఎవరూ కదల్లేదు. నేను లేచాను. "అరవై ఒకటో చీటీ నాదండీ. ఆయన మా పిల్లని జాగ్రత్తగా వెళ్ళమన్నారు. అందుకు నేను ఫిర్యాదు చేశాను. సిగ్గుగా ఉంది" అని కూర్చున్నాను. నా వెనక ఇంకెవరైనా లేస్తారేమో అనుకున్నాను, ఎవరూ లేవలేదు. నిషినో తాత గురక మాత్రం వినపడింది.

బయట బూట్లు తొడుక్కుంటుంటే హరుయో పక్కకొచ్చింది.

"నీదేనని నాకు తెలుసు."

"ఎలా అక్కా?"

"ఆ చోట నిలబడ్డాగా, నాలుగు పదికి. నీ కిటికీలోంచి తప్ప అది ఇంకెక్కణ్ణుంచీ కనపడదు."

"మరి అడగలేదే?"

"అడిగి చెప్పించుకుంటే దానికి విలువేముంది?" అని కండువా బిగించుకుని వెళ్ళిపోయింది.

సమావేశంలో తేలకపోయేసరికి ఒరిహారా తన అలవాటు ప్రకారం సంగతిని పలక మీదికి ఎక్కించాడు. మా పేటలో కబురేదైనా ఒక పలకకి తగిలించిన కాగితం మీద ఇంటింటికీ తిరుగుతుంది. చదివి, ఇంటిపేరు చెక్కిన సొంత ముద్ర వేసి పక్కింటికి ఇవ్వాలి. ఈసారి రెండు గళ్ళు: కువానా ఉండొచ్చు, ఉండకూడదు. జాబితాలో నలభై ఒక్క ఇళ్ళు.

"నలభై రెండు కదా" అంది హరుయో, పలక ఆయన ఇంట్లోంచి బయల్దేరకముందే వెళ్ళి పట్టుకుని.

"అది ఆయన సంగతే కదండీ, ఆయన పేరెందుకని..."

"కాకులు లాగకుండా చెత్త మూటల మీద వల కప్పే వంతు ఆయన చేస్తున్నాడు. ఆయన గుమ్మం ముందు మంచు ఆయనే ఎత్తుతున్నాడు, మీ గుమ్మం ముందుది కూడా. పెన్ను ఇలా ఇవ్వండి." తనే రాసేసింది, నా పేరుకీ తన పేరుకీ మధ్యలో. పలక నడిచే వరసలో అతని చోటు అదే మరి.

అలా ఆ పలకని అతని చేతికి ఇవ్వాల్సినదాన్ని నేనే అయ్యాను. నా ముద్ర మొదటి గడిలో వేసి, మెట్లెక్కి తలుపు తట్టాను. అతను నిలబడే చదివాడు, ఎవరెవరు రెండో గడిలో వేశారో కూడా.

"ఆ రోజు ఫోన్ చేసింది నేనేనండీ" అన్నాను.

"తెలుసండీ అమ్మగారూ. కిటికీలోంచి మీ చేతిలో ఫోన్ కనపడింది."

అంత తెలిసీ, ఆ మర్నాడు కూడా నాకు దండం పెట్టి పలకరించాడు.

అతను ముద్ర వెయ్యకుండానే పలక హరుయో ఇంట్లో ఇచ్చి వచ్చాడు. నేనింకా మెట్లు దిగలేదు, ఆవిడ ఇంటి చెప్పులతోనే మంచు తొక్కుకుంటూ వచ్చేసింది.

"కువానాగారూ, ఈ గడి ఖాళీగా ఉందేం?"

"నా గురించి నేనెలా వేస్తానండీ, బాగుండదు."

"బాగుండడం నాకక్కర్లేదు. ఖాళీ ఉంటే లెక్క చెడుతుంది. ఇక్కడ ఉండాలని ఉందా, లేదా?"

"ఉండాలని ఉందా అని నన్నెవరూ ఎప్పుడూ అడగలేదండీ" అన్నాడు అతను.

"నేనడుగుతున్నా. వెయ్యి."

సొరుగులోంచి ముద్ర తీసి, రెండు చేతులతో పట్టుకుని వేశాడు. అది తలకిందులుగా పడింది. కంగారుపడి మళ్ళీ వెయ్యబోతుంటే హరుయో పలక లాగేసుకుంది. "పడింది చాలు. తలకిందులైనా ఓటే" అంది.

ఇరవై ఐదు ఇళ్ళు ఉండొచ్చన్నాయి, పదిహేడు వద్దన్నాయి. గది ఒప్పందం మళ్ళీ రాశారు. మంచు కరిగాక రైలు కట్ట కింద పొదలు కొట్టడానికి పన్నెండు మంది వచ్చారు, అందులో ఇద్దరు వద్దన్న ఇళ్ళవాళ్ళే. ఇప్పుడు హరుయో క్లాసులో మొదటి పాఠం ఆ కాగితమే, గోడకి అంటించి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ తలకిందుల ముద్ర ఎవరిదని అడుగుతారు. వెనక వరసలో నిద్రపోతున్న నిషినో తాత పక్కనుంచి ఒకతను లేచి, "నాదండీ" అని హాజరు పలికినట్టు గట్టిగా చెప్తాడు.