నాన్న పూడ్చిన ఖాళీలు

మొన్న మనవరాలు ఫోనులో విశ్వం బొమ్మ ఒకటి చూపించింది. గెలాక్సీలన్నీ దారాల వెంట గుంపులు కట్టి, మధ్య మధ్య ఏమీ లేని పెద్ద పెద్ద ఖాళీలతో, అచ్చం చిరుగులు పడ్డ వలను ఆరేసినట్టుంది. బాగుందా అమ్మమ్మా అంటే బాగుందన్నాను గానీ, ఆ ఖాళీల మీంచి చూపు తిప్పుకోవడం నా వల్ల కాలేదు.

డెబ్బైల చివర్లో మేము భవానీపురంలో అద్దెకుండేవాళ్లం. సముద్రపు ఒడ్డు ఊరి నుంచి వచ్చేసిన మా నాన్న, కృష్ణలో చేపలు పట్టేవాళ్ల వలలు బాగుచేసేవాడు. చిరుగు కనబడితే అన్నం ముందు నుంచి కూడా లేచిపోయే మనిషి. నేను ఎమ్మెస్సీ చదువుతున్నాను. గెలాక్సీలు ఆకాశమంతా సమంగా పరుచుకున్నాయా, గుంపులు కట్టాయా అన్నది గళ్లు గీసి లెక్కపెట్టి చూపిస్తే, పరిశోధనకు సిఫారసు ఉత్తరం రాస్తానని మా లెక్చరరుగారు, హైదరాబాదు నుంచి అడిగి తెప్పించిన పటం ఒకటి నాలుగు రోజులకని ఇచ్చారు. ఒక్కో చుక్కా ఒక్కో గెలాక్సీ. వీధికో జిరాక్సు షాపు ఉన్న రోజులు కావవి, మన వయసువాళ్లకు చెప్పక్కర్లేదు. దాని మీద పల్చటి కాగితం పరిచి, ఇంకు పెన్నుతో చుక్క మీద చుక్క పెట్టి, మెడ పట్టేసేదాకా ఎక్కించుకుని, పటం తిరిగిచ్చేసి వచ్చి, ఆ మధ్యాహ్నం ఒళ్లెరగకుండా నిద్రపోయాను.

లేచేసరికి నాన్న నా పెన్నుకు మూత పెడుతున్నాడు.

"ఓపిక చాలక మధ్య మధ్యలో వదిలేశావమ్మాయ్, ఎక్కడికక్కడ పూడ్చేశాలే" అన్నాడు.

కాగితం నిండా చుక్కలు, వల కళ్లంత సమంగా. ఏది గెలాక్సీయో, ఏది నాన్న పెట్టిందో ఎంత వెతికినా తెలియలేదు. ఏడుపు తన్నుకొచ్చింది, కానీ నాన్న కళ్లద్దాలు తుడుచుకుంటూ మెచ్చుకోలు కోసం నా ముఖంకేసే చూస్తుంటే ఏమనగలను? చాలా బాగుంది నాన్నా అన్నాను.

పటం అప్పటికే రైలెక్కి వెళ్లిపోయింది. పని సగంలో ఆపేశానని లెక్చరరుగారితో అబద్ధమాడాను. ఉత్తరం రాలేదు, పటమటలో ఒక బళ్లో సైన్సు టీచరునయ్యాను. నాన్న మాత్రం బతికినంతకాలం, మా అమ్మాయి చదువులో నా చెయ్యి కూడా ఉందని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పుకునేవాడు. నేను పక్కన నిలబడి తలూపేదాన్ని.

ఇప్పుడు ఆ ఖాళీల మీదే పెద్ద పెద్ద చదువులు చదువుతున్నారట. తెర మీద ఒకదాన్ని వేలితో తాకి, ఇక్కడ ఏమీ లేదా అని మనవరాలిని అడిగాను. ఏమీ లేదంది. ఇలాంటివి చూసి ఊరుకోలేని మనిషి ఒకప్పుడు మన ఇంట్లో ఉండేవాడని చెప్పబోయి, ఫోను తిరిగిచ్చేశాను.