పాడుబడ్డ టీ కొట్టూ, నేనూ, తొమ్మిది మేకలూ

ఆ రోజుల్లో నేనొక గొప్ప కళాకారుణ్ణని నాకు గట్టి నమ్మకం. ఆ రోజులంటే మరీ తాతల కాలమేమీ కాదు, జనం పళ్లు తోముకోకముందే వాట్సాప్‌లో స్టేటస్ పెట్టుకునే కాలమే. నాకు ఇరవై నాలుగేళ్లు. రాయచోటి పక్క పల్లె నుంచి కువైట్ వచ్చి, జాబ్రియాలో ఒక ఇంట్లో డ్రైవరుగా చేరి ఏడాదయింది. ఇంటి యజమానురాలిని అక్కడి పనివాళ్లందరిలాగే నేనూ మామా, అంటే అమ్మా, అనేవాణ్ణి. ఆమెకు వఫ్రా వైపు ఒక తోట ఉండేది. ప్రతి గురువారం అక్కడికి వెళ్లి కూరగాయలు, కోడిగుడ్లు కారులో వేసుకుని రావడం నా పని. గంటకు పైగా దారి, రెండు పక్కలా ఇసుకే. ఆ ఇసుకలో అక్కడక్కడా ఎవరో కట్టి వదిలేసిన కొట్లు, గదులు. తలుపు ఉంటే కప్పు ఉండదు, కప్పు ఉంటే గోడ ఉండదు. నాతోటి డ్రైవర్లు వాటి పక్కనుంచి పాటలు పెట్టుకుని దూసుకుపోయేవాళ్లు. నేను మాత్రం కారు పక్కకు తీసి, దిగి, ఫోటోలు తీసేవాణ్ణి. (ఎందుకని అడిగితే అప్పుడు ఏదో వేదాంతం చెప్పేవాణ్ణి. ఇప్పుడు అడిగితే కొత్త ఫోను అని చెబుతాను.)

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆ ఫోటోల్లో రంగు తీసేసి నలుపు తెలుపు చేసి, కింద ‘ఇదే నా లోకం’ అని రాసి స్టేటస్ పెట్టేవాణ్ణి. ఒక గురువారం పాడుబడ్డ టీ కొట్టు ఒకటి దొరికింది. ముందర చినిగిన సోఫా, అందులో సగం దాకా ఇసుక. నేను కూడా ఉంటే ఇంకా బాగుంటుందనిపించి, ఫోన్ని ఒక రాయికి ఆనించి, దుమ్ము పడకుండా తలకు తువ్వాలు చుట్టుకుని, దూరంగా చూస్తున్నట్టు మొహం దిగాలుగా పెట్టి కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే ఎవరివో మేకలు వచ్చాయి. తొమ్మిది. నా చుట్టూ నిలబడి అవి కూడా దూరంగానే చూశాయి. నేను తీసిన ఫోటోలన్నిటిలోకీ గొప్పది అదేనని ఇప్పటికీ అంటాను.

మరునాడు అమ్మ ఫోన్ చేసి మాట్లాడకుండా ఏడ్చింది. విషయం తెలుసుకోవడానికి పది నిమిషాలు పట్టింది. మా వైపు నుంచి డ్రైవరు పని అని వచ్చిన వాళ్లను కొందరిని ఎడారిలో మేకల దగ్గర వదిలేస్తారని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నన్నూ అలాగే వదిలేశారని, పాపం పైకి చెప్పుకోలేక ఫోటోల్లో చెబుతున్నానని ఊరంతా తేల్చేసింది. అలా తేల్చినవాళ్లలో అందరికన్నా ముందున్నది మా పెద్దనాయన. ఆయన వయసులో ఉన్నప్పుడు కువైట్లో ఆరేళ్లు చేసి వచ్చిన మనిషి, ఈ విషయాల్లో ఆయన మాటకు తిరుగులేదు.

నేను బాగున్నానని చెప్పాను. బెదిరించి చెప్పిస్తున్నారని ఆయన అన్నాడు. సరేనని మామా కొత్త కారుకు ఆనుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఫోటో తీయించి పంపాను. దాంతో కొంప పూర్తిగా మునిగింది. పెద్దనాయనే ఫోన్ తీసుకున్నాడు.

“ఒరే అబ్బయ్యా, నేను రెండేండ్లు మేకలు కాసినా రా. ఇంట్లో ఎవురికీ చెప్పల్యా. నెలకొకతూరి కారులో సరుకులేసుకోని మేకలాయన కొడుకు వచ్చేవాడు. వాని కారుకు ఆనుకోని ఫోటో దిగి పంపిస్తాంటి. నువ్వు పంపిండేది గూడా అదే కదా.”

మా ఇంటి గోడ మీద ఆ ఫోటో నేను పుట్టకముందు నుంచీ ఉంది. ఎర్ర కారు, పక్కన మీసం దువ్వుతూ పెద్దనాయన. దాన్ని చూసే నేను కువైట్ రావాలనుకున్నాను. కువైట్లో ఉన్నవాడు ఉన్నదానికన్నా నాలుగు మెట్లు పైకి చూపించి ఫోటో పంపుతాడని, అలాంటిది వీడు పాడుబడ్డ కొంపే పంపాడంటే అసలు ఎక్కడ పడుకుంటున్నాడో దేవుడికే తెలియాలని ఆయన లెక్క.

సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇస్తారట. అది అటూ ఇటూ తిరిగి ఎంబసీ దాకా వస్తే, మా కఫీల్‌కి, అంటే నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న మామా భర్తకి, ఫోన్ వెళుతుంది. డ్రైవర్ని మేకల దగ్గర పెట్టావా అని అడుగుతారు. ఆ తరువాత నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండేందుకిచ్చిన అనుమతి, నా కొలువు అన్నీ ఖలాస్. పైగా అమ్మ రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదట.

ఆదివారం పొద్దున్నుంచీ వంటింటి గుమ్మంలో ఫోను చూసుకుంటూ కూర్చున్నాను. ఆ ఇంట్లో వంట చేసే పాలకొల్లు అక్క నా వాలకం చూసి సంగతంతా అడిగి, తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని నవ్వినంతసేపు నవ్వి, చివరికి ఒక దారి చెప్పింది. “తమ్ముడూ, ఫోటోలు మానేసి వీడియో చేసి వంటిల్లు చూపించెయ్యి. పొయ్యి మీద కూర ఉడకతా కనబడితే మీ అమ్మగారికి గుండె కుదుటపడిపోద్ది.”

సాయంత్రం వంటింట్లోంచి వీడియో చేశాను. పొయ్యి చూపించాను, ఫ్రిజ్ తెరిచి చూపించాను. అక్క కూడా వచ్చి, మీవాడు పూటకు ఆరు రొట్టెలు తింటున్నాడండీ అని నన్ను బజారున పెట్టింది. అమ్మ కళ్లు తుడుచుకుంటూనే ఉంది. వెనక నుంచి పెద్దనాయన, ఆయమ్మను పక్కన నిలబెట్టి చెప్పిస్తున్నారంటున్నాడు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. ముందు కంపు వచ్చింది, దాని వెనకాల మామా. ఆమె చేతుల్లో కోడిగుడ్ల అట్ట. గురువారం మేకల ఫోటో తీసిన ఆనందంలో నేను డిక్కీలోనే మరిచిపోయిన గుడ్లు. మూడు రోజుల ఎండ. కొన్ని పగిలి కారిపోయాయి. ఇక చూసుకోండి. అరబ్బీలో మొదలుపెట్టి, అది నాకు పూర్తిగా ఎక్కదేమోనని హిందీలోకి వచ్చి, అదీ చాలక ఇంగ్లీషులో కాసేపు తిట్టింది. మజ్నూన్ అని, అంటే పిచ్చోడా అని, ఎన్నిసార్లందో లెక్కలేదు. నేను తల వంచుకుని నిలబడ్డాను. ఫోను చేతిలోనే ఉందన్న సంగతి మరిచిపోయాను.

మామా ఊపిరి తీసుకునేందుకు ఆగినప్పుడు ఫోనులోంచి అమ్మ గొంతు వినబడింది. ఆ గొంతులో ఏడుపు లేదు.

“ఎవురు నాయనా ఆయమ్మ? ఏమంటాంది?”

మా ఇంటామె అని, గుడ్లు కారులో మరిచిపోయి కుళ్లబెట్టానని చెప్పాను.

అమ్మ, “సంగటి పొయ్యిమీద పెట్టి చూస్తాండమంటే మాడబెట్టిండే నాయాలివి కదా నువ్వు. బాగా గడ్డి పెట్టిందిలే” అంది. ఆ వెనకే పెద్దనాయన గొంతు, మెల్లగా: “అర్జీ వద్దులేమ్మా. ఎడారిలో నన్ను తిట్టేదానికి గూడా మనిషి ల్యాకపాయ.”

మామా ఫోను చూసి, ఎవరని అడిగి, అమ్మ అని తెలిసి మెత్తబడింది. ఫోను లాక్కుని, నీ కొడుకు పిచ్చోడని అరబ్బీలో మర్యాదగా చెప్పింది. అమ్మ ఒక్క ముక్క అర్థం కాకపోయినా అవునవునని తలూపింది. వాళ్లిద్దరికీ అంత త్వరగా స్నేహం కుదరడం నాకు కొంచెం కష్టంగానే అనిపించింది.

నేను ఎడారి నుంచి బయటపడితే గంగమ్మకు పొటేలునిస్తానని అమ్మ మొక్కుకుందట. నేను ఎడారిలో లేనే లేనని ఎంత చెప్పినా, మొక్కు మొక్కేనంది. మొత్తం ఈ కథలో నిజంగా నష్టపోయింది ఆ పొటేలొక్కటే.

మరుసటి ఏడు సెలవుకు వెళ్లినప్పుడు, అన్నం పెడుతూ అమ్మ అడిగింది. అన్నన్ని ఫోటోలు పెట్టావే, నువ్వు తప్ప ఇంకొక మనిషన్నా వాటిలో లేకపోయాడు కదా నాయనా, అందుకే భయమేసింది అని. నేను నవ్వేసి చారు పోయమన్నాను. కానీ ఆ రాత్రి ఫోను తీసి అన్నీ మొదటినుంచి చూసుకుంటే నిజమే, నేను తప్ప ఎక్కడా మనిషి లేడు. కళ అనుకుంటూ ఆ ఏడాదంతా నేను పడిన ఒంటరితనాన్ని నేను గుర్తుపట్టలేదు, అమ్మ పట్టేసింది.

ఆ టీ కొట్టు ఇప్పుడు లేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పడగొట్టారు. వఫ్రా దారిలో పాడుబడ్డ గోడ కనిపిస్తే ఇప్పటికీ నా కాలు బ్రేకు మీదికి పోతుంది. ఫోటోలు తీస్తూనే ఉన్నాను. కాకపోతే అమ్మకు పంపేవాటిలో గోడ ముందు ఎవరో ఒకరిని నిలబెడతాను. ఎక్కువగా, తోటకు నాతో వచ్చినప్పుడు, పాలకొల్లు అక్కనే. ఎండలో నన్నెందుకు చంపుతావని ఆమె నన్ను తిడుతూ ఉండగా తీస్తాను. అమ్మకు ఆ ఫోటోలే బాగా నచ్చుతాయి.