అవ్వ చెప్పిన మంచినూనె

బీడీల కార్ఖానాలో కట్టలు విప్పి చూసే మనిషి, మా అవ్వతో ఏమీ అనకుండా నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, ఒక్కదాంట్ల గూడ తంబాకు లేదు. వట్టి ఆకే చుట్టింది."

అవ్వ అంటే నన్ను కన్నతల్లి. ఎల్లారెడ్డిలో నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి బీడీలే చుట్టింది. కళ్ళు మూసుకునైనా చుట్టగలదు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

మర్నాడే కామారెడ్డి తీసుకుపోయాను. బస్సులో వాగుతూనే ఉన్నాను. భయమేస్తే నా నోరు ఆగదు. అక్కడ డాక్టరు బీపీ చూశాడు, షుగర్ చూశాడు, ఇంట్లో ఏ నూనె వాడతారని అడిగాడు.

"మంచినూనెనే సారూ," అన్నది అవ్వ ధీమాగా.

పాపం, ఆయన సంతోషించాడు. ఆ సంతోషం నేనే చెడగొట్టాల్సి వచ్చింది. స్టవ్వులో పోసే కిరసనాయిలు గ్యాసునూనె, కూరలో పోసేది ఏదైనా మంచినూనె. మా ఇళ్లల్లో లెక్క అంతే. గ్యాసునూనె కనబడకుండా పోయినా ఆ మాట పోలేదు. మేం వాడేది విడిగా అమ్మే పామాయిల్. గారెలు చేశాక నల్లబడిన నూనెను గిన్నెలోకి వంచి, కూరలన్నీ దాంతోనే. పారబోద్దామంటే "లక్ష్మిని పారబోస్తవానే?" అని అవ్వ నా మీదికి లేచేది.

"నూనె ఒక్కటే చేసిందని చెప్పలేనమ్మా," అన్నాడు డాక్టరు. "బీపీ, షుగర్ ముదిరినయి. పొద్దంత కదలకుండ కూసునే పని. మెదడుకు రక్తం పోయే సన్న నాళాలు దెబ్బతిన్నయేమో, స్కానింగ్ తీస్తే తెలుస్తది. పోయిన మతి తిరిగి రాకపోవచ్చు. ఉన్నది నిలుపుకుందాం. మందులు తప్పొద్దు, కాగిన నూనె మళ్ల పోయొద్దు, రోజు నడిపియ్యి."

అదే నూనె నేనూ తిన్నాను. ఆమె పక్కనే బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని నేనూ కూర్చున్నాను. ఇప్పుడు పక్కింటావిడ పేరు వెంటనే నోటికి రాకపోయినా, నాకూ మొదలైందేమో అనుకుంటున్నాను.

రోజూ పొద్దున్నే అవ్వను నడిపిస్తున్నాను. మొన్న బస్టాండు దాకా పోయి తిరిగి వస్తుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆగిపోయింది. ఎవరో దారినపోయే మనిషిని చూసినట్టు నా ముఖంలోకి చూసింది.

"జర జల్ది నన్ను ఇంటికాడ దించు బిడ్డా. ఇంట్ల నా బిడ్డ ఒక్కతే ఉన్నది. భయపడ్తది."

"భయపడ్తనే ఉన్నదవ్వా," అన్నాను.