చప్పుళ్లు కొలిచే బాబాయి

కంప్యూటర్ డబ్బాలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఒక మూలగది ఉండేది. గోడలకూ పైకప్పుకూ మందపాటి స్పాంజి. లోపల ఒక బల్ల, ఒక కుర్చీ, మూడుకాళ్ల స్టాండు మీద చప్పుడు కొలిచే మీటరు. ఆ గదిలో పనిచేసేవాడు ఉష్ బాబాయి. వరండాలో ఎవరు గట్టిగా మాట్లాడినా తలుపు సందులోంచి తల పెట్టి "ఉష్" అనేవాడు గనక ఆ పేరు వచ్చింది. అసలు పేరు జీతమిచ్చేవాళ్లకే తెలుసు.

ఫ్యాన్లు బిగించిన డబ్బాను బల్ల మీద పెట్టి, మీటరును రోజూ ఒకే గుర్తు మీద నిలిపి, ఫ్యాన్లను ముందు నెమ్మదిగానూ తర్వాత పూర్తి వేగంతోనూ తిప్పాలి. వేగం మార్చే మీటకు ఉన్న తీగ పొట్టిది కావడంతో మనిషి లోపలే కూర్చోవాలి. అంకె చూసేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. స్విచ్చి వేసే ముందు దేవుణ్ణి తలుచుకోవడం బాబాయి అలవాటు. ఫ్యాన్లకు దేవుడెందుకని ఎలక్ట్రీషియన్ ఒకసారి నవ్వితే, "తిరిగేవన్నీ ఆయన తిప్పేవేగా" అన్నాడు.

ఆ ఫ్యాన్లన్నీ బిగించేది రబ్బరక్క ఒక్కతే. ఫ్యాను వణుకు రేకుకు పాకకుండా నాలుగు మూలలా రబ్బరు ముక్కలు దూర్చడం ఆమె పని. డబ్బా పంపేటప్పుడు బాబాయి చేతికి తేలిగ్గా తగిలేలా తీగ కొసకు వదులుగా ముడి వేసి బయటికి వేలాడదీసేది. బాబాయి చూపు మునుపటిలా లేదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తనే గమనించింది.

ఆ చలికాలంలో డబ్బాలు వరసగా పరీక్ష తప్పడం మొదలైంది. నెమ్మదిగా తిరిగేటప్పుడే చప్పుడు హద్దు దాటుతోంది. సూపర్‌వైజరు రబ్బరక్క దగ్గరికి వచ్చాడు.

"ఏంటమ్మా, రబ్బర్లు పెడుతున్నావా, దాచుకుంటున్నావా?"

"దాచుకుని ఏం చేసుకుంటాను సార్? చెవుల్లో పెట్టుకుందామంటే మీ మాటలు వినపడవాయె!"

పక్కవాళ్లు నవ్వారు. సూపర్‌వైజరుకూ నవ్వు వచ్చినట్టే ఉంది గానీ ఆపుకున్నాడు. "శనివారం దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే రేకుల సెక్షన్‌కి పంపించేస్తా."

రబ్బరక్క మొహం వాడిపోయింది. రేకుల సెక్షన్‌లో ఖాళీ ఉన్నది రాత్రి షిఫ్టులోనే. ఇంట్లో అత్తగారు మంచం దిగలేరు. రాత్రిళ్లు ఆవిడను పక్కకు తిప్పి పడుకోబెట్టడానికి ఈమె తప్ప మరో మనిషి లేదు.

"ఇంకోసారి చూస్తారా బాబాయ్?" అని అడిగింది.

"చూశానమ్మా. మీటరు మన మొహాలు చూసి చెప్పదుగా."

ఆమె తలూపి వెళ్లిపోయింది. తర్వాత వచ్చిన డబ్బాకూ తీగ కొసన ముడి ఉంది. అది చూసి బాబాయికి మనసు మనసులో లేదు. పైగా ఒక సంగతి ఆయనకు అంతుపట్టలేదు. రబ్బరు సరిగా కూర్చోకపోతే పూర్తి వేగంలో ఇంకా గోల చేయాలి. అప్పుడేమో అన్నీ బాగానే ఉంటున్నాయి.

ఆ సాయంత్రం అన్నం తింటుంటే భార్య టీవీ సౌండు పెంచింది.

"ఎందుకంత సౌండు? చెవుడొచ్చిందా నీకు?"

"నాకెందుకొస్తుంది? మీ ముక్కు ఈల వేస్తుంటే వార్తలు వినపడి చావట్లేదు. చలి మొదలైనప్పట్నుంచీ ఇదే సంగీతం. మీకు ఆ నిశ్శబ్దం గదిలో ఉద్యోగం ఎవరిచ్చారో గానీ!"

ముద్ద ఆయన చేతిలోనే ఉండిపోయింది.

"ఊరికే అన్నానండీ. తినండి."

"అది కాదే. ఊపిరి బిగబట్టినా వస్తోందా?"

ఆయన బిగబట్టాడు. ఆవిడ టీవీ ఆపి, దగ్గరగా వంగి వింది. "మీరు బిగబట్టాననుకుంటున్నారు. సన్నగా వదిలేస్తూనే ఉన్నారు" అంది, ఈసారి మెల్లగా.

మర్నాడు బాబాయి తప్పిన డబ్బానొకదాన్ని బల్ల మీద పెట్టాడు. ఫ్యాన్లను నెమ్మదిగా తిప్పి, అంకెను గుర్తుపెట్టుకునేలా మీటరును సర్ది, బయటికి వెళ్లి తలుపు వేశాడు. తిరిగి వచ్చి చూస్తే అంకె హద్దుకు లోపలే ఉంది. కుర్చీలో కూర్చోగానే మళ్లీ దాటింది. పూర్తి వేగంలో ఆ ఈల ఫ్యాన్ల మోతలో కలిసిపోతోందన్నమాట.

చెబితే ఈ గది పోతుందని ఆయనకు తెలుసు. ఊపిరి ఆపుకోలేని మనిషిని ఇక్కడ ఎవరుంచుతారు? దేవుణ్ణి తలుచుకుని లేచి సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లాడు.

"సార్, ఆ చప్పుడు ఫ్యాన్లది కాదు. నాది."

"అంటే, ఇన్నాళ్లూ మిమ్మల్నే కొలుస్తున్నామా?"

"నన్నే సార్. తప్పింది నేనే."

సూపర్‌వైజరు పకపకా నవ్వాడు. బాబాయి ఆయాసం చూసి నవ్వాపి, తన కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. తప్పిన డబ్బాలన్నింటినీ గదిలో మనిషి లేకుండా మళ్లీ కొలిపించాడు. రెండు తప్ప అన్నీ నెగ్గాయి. "ఈ రెండూ నావే" అంటూ రబ్బరక్క వాటిని చంకన పెట్టుకుపోయి, రబ్బర్లు మార్చి తెచ్చింది. ఆమెను కదపబోమని సూపర్‌వైజరు అక్కడే చెప్పేశాడు.

బాబాయిని ప్యాకింగుకు మార్చారు. అక్కడ టేపు చింపే మోత. మొదటి రోజు అలవాటుగా "ఉష్" అన్నాడు గానీ ఎవరికీ వినపడలేదు. మధ్యాహ్నం రబ్బరక్క వచ్చింది.

"నా కోసం మీ గది పోగొట్టుకున్నారు బాబాయ్."

"నీ కోసమేముందమ్మా? తప్పుడు అంకె నేనెలా వేస్తాను?"

"సరే, మాటలకేం. శనివారం అత్తయ్య మందుల కోసం ఆసుపత్రికి వెళ్తున్నా. మీరూ వచ్చి ఆ ఛాతీ చూపించుకోండి. లైన్లో నేను నిలబడతాలెండి."

శనివారం ఆమె లైన్లో నిలబడింది. బాబాయి గోడపక్క బెంచీ మీద కూర్చున్నాడు. ఈల అక్కడికీ వినిపిస్తోంది. ఎవరో కుర్రవాళ్లు ఆయనవైపు చూసి నవ్వబోతే, రబ్బరక్క వెనక్కి తిరిగి "ఉష్" అంది.