ముడుపు పుస్తకం

మా అన్న బోరుబండి పెట్టుకుని బతికినవాడు. కోలారు జిల్లాలో నీళ్లు పాతాళంలో ఉంటాయి కాబట్టి ఆయనకు పనికి కరువు లేదు. రైతులు నోట్లు చేతిలో పెట్టేవాళ్లు. రసీదు అడిగినవాడు లేడు, ఇచ్చిన పాపాన మా అన్నా పోలేదు. ఆడిటరు ఏటా ఒక చిన్న అంకె వేసి తెస్తే కింద సంతకం గీకేవాడు.

సర్కారుకు ఎగ్గొట్టినా తిరుపతి స్వామికి మాత్రం ఎగ్గొట్టలేదు. బండి కొన్ననాడే నూటికి రూపాయి ముడుపు మొక్కుకున్నాడు. ప్రతి శనివారం ఊరిగాంలో మా ఇంటికి వచ్చి వారమంతా చేతికి అందింది చెబుతుంటే నేను పుస్తకంలో రాసేదాన్ని. ఆయన రాత కోడి గెలికినట్టు ఉంటుంది, నేను బడిలో టీచర్ని. పసుపు పూసిన ఆ పుస్తకం ఆయన ఇంట్లో స్వామి పటం వెనక ఉండేది. సోదాకు వచ్చిన పన్ను అధికారులు బీరువా అంతా తోడి, చివరికి ఆ పటం జరిపారు.

కేసు బెంగళూరు కోర్టుకు పోయింది. పన్ను తక్కువ కట్టడం వేరు, తెలిసి ఎగ్గొట్టడం వేరని మా వకీలు విడమరిచి చెప్పాడు. తెలిసే చేశాడని తేలితే జైలే. అందుకని మా వాదన ఒక్కటే: అన్న నాలుగో తరగతి చదివినవాడు, ఎంత వచ్చిందో తెలియనివాడు, పుస్తకంలోవి భక్తికొద్దీ ఉజ్జాయింపుగా వేసిన అంకెలు. రాత నాది కాబట్టి సర్కారు తరఫున నన్ను సాక్షిగా పిలిచారు. అడిగినదానికి ముక్తసరిగా జవాబు చెప్పమని మా వకీలు బతిమాలాడు. నా నోరు ఆయనకు తెలుసు.

సర్కారు వకీలు మెత్తటి మనిషి. రాత ఎవరిదన్నాడు, నాదన్నాను. చెప్పింది ఎవరన్నాడు, అన్న అన్నాను. అప్పుడు ఆయన కన్నడంలో, సర్కారుకే ఇంత దాచిన మనిషి దేవుడి దగ్గర మాత్రం నొక్కేయకుండా ఉంటాడా అమ్మా అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. మా అన్నను దేవుడి సొమ్ము తిన్నవాడని నలుగురిలో అంటాడా? కన్నడం మరిచిపోయి మా మాటలోనే చెప్పేశాను.

"మా అన్న స్వామికి అబద్ధం చెప్పలేదు సార్. ఒకసారి యాభై రూపాయలు మరిచిపోయి, దానికోసరం మళ్లీ వచ్చి రాయించినాడు. వచ్చిందంతా పైసాతో సహా మా అన్నకు తెలిసే ఉండాది."

జడ్జిగారికి తెలుగు వచ్చు. రాసుకున్నారు. మా వకీలు ఫైలు మూసేశాడు. అది చూశాక గానీ నేనేం చేశానో నాకు అర్థం కాలేదు.

తీర్పులో నా జవాబు ఉన్నదున్నట్టు ఎక్కించారు. పై కోర్టులోనూ అదే నిలిచింది. వదిన నాతో మాటలు మానేసింది. మానేయక ఏం చేస్తుంది? లొంగిపోవాల్సిన రోజు కోర్టు మెట్ల దగ్గర అన్న కాళ్లు పట్టుకోబోయాను. ఆయన పడనివ్వలేదు.

"ఏడవద్దమ్మా. ఇన్నేండ్లు కోర్టుకు తిరిగినానే, మన వకీలు నన్ను ఏమీ తెలీనోడు అనినాడు, వాళ్ల వకీలు దొంగ అనినాడు. ఆడ నన్ను మంచోడని చెప్పింది నువ్వొక్కదానివే" అన్నాడు.

నేను చెప్పిన ఆ మాటకే ఆయనకు ఆరు నెలల జైలు పడింది.