ప్రార్థన పుస్తకంలో పదమూడో పేరు

దయ్యాలంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. మా సంఘానికి దయ్యాలు వెళ్లగొట్టే ప్రసంగీకుడు ఎవరైనా వస్తే, నేను వెనక చాప మీద కూర్చుని ఊగిపోతున్నవాళ్ల కాళ్లు గమనించేవాణ్ని. సగం మంది పడకుండా జాగ్రత్తగానే ఊగేవాళ్లు. అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. పాలవాడి చెంబు దగ్గర్నుంచి పాస్టరు గారి కన్నీళ్ల దాకా దేన్నీ ఊరికే నమ్మినవాణ్ని కాను. ఇది చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది కూడా అందుకే.

డెబ్బైల మొదట్లో నేను బోరబండ దగ్గర ఒక చిన్న ఫ్యాక్టరీలో ఫిట్టింగ్ షాపు సూపర్‌వైజర్ని. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. ఇవాళ అద్దాల మేడలున్న మాదాపూర్, కొండాపూర్ అప్పుడు రాళ్ల గుట్టలు, జొన్న చేలు. అక్కణ్నుంచి మనుషులు సద్దిగిన్న చేత పట్టుకుని నడిచి పనికి వచ్చేవాళ్లు.

నా కింద పన్నెండు మంది. "మీకూ పన్నెండు మంది శిష్యులేనండీ" అని మా సంఘంలో ఆటపట్టిస్తుంటే లోలోపల మురిసిపోయేవాణ్ని. నలుగురి మీద పెద్దరికం చేసేవాడు ముందు ఆ నలుగురి కోసం మోకరించాలని యువకులకు నేనే బోధించేవాణ్ని. నేనూ అలాగే చేసేవాణ్ని. రోజూ అందరికంటే ముందు షాపుకు వెళ్లి, నా బీరువాలోంచి ప్రార్థన పుస్తకం తీసి, పన్నెండు పేర్లూ ఒక్కొక్కటే చదివి ప్రార్థించేవాణ్ని. అందులో నా పేరు లేదు. నాకూ ప్రార్థన అవసరమని ఎందుకో తోచలేదు.

ఒక సోమవారం టూల్ రూమ్ తనిఖీలో మైక్రోమీటరు కనబడలేదు. వెంట్రుక మందాన్ని కూడా కొలిచే పనిముట్టు అది. షాపు మొత్తానికి ఒక్కటే ఉండేది, ఎప్పుడో గాని బయటికి తీసేవాళ్లం కాదు. రిజిస్టర్లో చివరగా తీసుకున్నట్టు యాదగిరి వేలిముద్ర ఉంది. తిరిగి ముట్టినట్టు నా సంతకం లేదు.

యాదగిరిది కొండాపూర్. అక్షరం ముక్క రాదు, పని మాత్రం బంగారం. రెండేళ్లుగా టెంపరరీ. ఇంట్లో ముసలి తల్లి, ముగ్గురు పిల్లలు. పర్మనెంటు చేయవలసిన వాళ్ల పేర్లు ఆ శనివారమే మేనేజరు గారికి ఇవ్వాలి, అందులో అతని పేరు మొదటిది.

అందరి ముందూ నిలబెట్టి అడిగాను.

"మీ చేతికే ఇచ్చిన గద సారూ. జర యాది చేసుకోండ్రి," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. దొంగతనం చేసిందే కాక నా మీదికే నెడతాడా? ఒకరి మీద మనసులో ఏదైనా ఉంటే ముందు ఒంటరిగా వెళ్లి అతనితో మాట్లాడమని వాక్యం చెబుతుంది. దాని మీద గంటసేపు సందేశం ఇచ్చినవాణ్ని నేను. ఆ పూట అది గుర్తే రాలేదు. ప్రభువు పన్నెండు మంది శిష్యుల్లో ఆయన్ని అప్పగించినవాడు ఒకడున్నాడన్నది మాత్రం బాగా గుర్తొచ్చింది. మంగళవారం పుస్తకంలో అతని పేరు కొట్టేశాను. శనివారం అతని పేరుకు బదులు అతని మీద ఫిర్యాదు ఇవ్వాలని నిర్ణయించుకున్నాను.

బుధవారం పొద్దున పుస్తకం తెరిస్తే జాబితా చివర యాదగిరి పేరు మళ్లీ ఉంది. నా చేతిరాతే.

పరధ్యానంలో రాశానేమో అనుకుని కొట్టేశాను. గురువారం మళ్లీ ఉంది, మళ్లీ కొట్టేశాను. ఇక నాలోని అనుమానం లేచి కూర్చుంది. వాచ్‌మన్ దగ్గర మారు తాళంచెవి ఉందా? మా టైపిస్టు అందరి సంతకాలూ గీసి నవ్వించేవాడు, ఇది అతని పనా? యాదగిరి వాళ్లెవరినైనా బతిమాలుకున్నాడా? అడిగితే ఇద్దరూ నన్ను వింతగా చూశారు.

ఆ సాయంత్రం బీరువాకు కొత్త తాళం వేశాను. తలుపు మీద అడ్డంగా కాగితం అంటించి సంతకం పెట్టాను. పుస్తకం అంచులకు మార్కింగ్ బ్లూ పూశాను. రెండు ఇనుప ముక్కలు సరిగ్గా అతుకుతున్నాయో లేదో చూడటానికి ఫిట్టర్లు వాడే నీలం రంగు అది. వేలికి అంటితే కిరసనాయిలుతో తోమినా రెండు రోజులు పోదు.

శుక్రవారం కాగితం చిరగలేదు. తాళం చెక్కుచెదరలేదు. పేరు మళ్లీ ఉంది.

పన్నెండు మందినీ వరసగా నిలబెట్టి చేతులు చూపించమన్నాను. "ఏంది సారూ, బడి పోరగాండ్ల లెక్క!" అని ఒకతను అంటే అందరూ నవ్వారు. యాదగిరి నవ్వలేదు. అతని చేతులు శుభ్రంగా ఉన్నాయి. అందరివీ శుభ్రంగానే ఉన్నాయి. నీలం నా వేళ్లకే అంటింది. పుస్తకం తెరిచింది నేనే కదా అని దాన్ని పట్టించుకోలేదు. పేరు కొట్టేసి, బీరువాకు మళ్లీ కొత్త కాగితం అంటించి సంతకం పెట్టాను.

శనివారం ఫిర్యాదు కాగితం జేబులో పెట్టుకుని వచ్చాను. కాగితం ముద్ర అలాగే ఉంది. పుస్తకం తెరిచాను. యాదగిరి పేరు మళ్లీ ఉంది. దాని కింద, పదమూడోది, ఇంకో పేరు.

పిచ్చయ్య.

పంతొమ్మిదో ఏట బాప్తిస్మం తీసుకున్నప్పుడు నాకు ప్రభుదాసు అని పేరు పెట్టారు. అంతకుముందు నేను పిచ్చయ్యని. తెనాలి దగ్గర ఒక రైసు మిల్లులో కూలికి ఉండేవాణ్ని. ఒకసారి అక్కడ రెంచి పోతే నేనే తీశానని సాయంత్రం దాకా మిల్లు ముందు ఎండలో నిలబెట్టారు. మర్నాడు అది ఊకలో దొరికింది. పొరపాటైందని మాత్రం ఎవరూ నాతో అనలేదు. ఆ పేరుతో పాటు ఆ ఎండ కూడా వదిలిపోయిందనుకున్నాను. హైదరాబాదులో ఆ పేరు తెలిసింది మా ఆవిడ ఒక్కతికే. ఆమె పురిటికి పుట్టింటికి వెళ్లి అప్పటికి మూడు వారాలు దాటింది.

మిల్లు మనిషి ఎవడో వచ్చాడు, నా పరువు తీస్తాడు అనుకున్నాను. తలుపు వైపు చూశాను, ఎవరూ లేరు. మళ్లీ పేజీ చూశాను. యాదగిరి, పిచ్చయ్య. ఇద్దరూ ఒకరి కింద ఒకరు. అప్పుడు, ఆ వారంలో మొట్టమొదటిసారి, నన్ను నేను అడిగాను. ఆ మైక్రోమీటరు నేను చివరిసారి ఎప్పుడు పట్టుకున్నాను?

అడగగానే గుర్తొచ్చింది. మా ప్రార్థన మందిరం గంట ఇరుసు అరిగిపోయింది, కొత్తది చేయించాలి, కొలత కావాలి అన్నారు పెద్దలు. మా ఆవిడ పుట్టింటికి వెళ్లే ముందు శనివారం యాదగిరి మైక్రోమీటరు తెచ్చి నా చేతికిచ్చాడు. దేవుడి పనే కదా అని రిజిస్టరు తెరవకుండానే బైబిలు సంచిలో వేసుకున్నాను. గేటు దగ్గర అందరి సంచులూ వెతికించే నేను! ఆదివారం కొలత తీస్తుండగా వాన అందుకుంది. మైక్రోమీటరు పెట్టెను గంట మీది రేకు కింద దూలంపై పెట్టి దిగాను. సోమవారం మా ఆవిణ్ని రైలెక్కించాలి. ఆ హడావిడిలో పూర్తిగా మర్చిపోయాను.

సైకిలు తొక్కుకుంటూ మందిరానికి పోయి దూలం మీద చెయ్యి పెట్టాను. పెట్టె అక్కడే ఉంది.

తిరిగొచ్చి పన్నెండు మంది ముందూ నిలబడ్డాను. తీసుకున్నది నేనే, మరిచిపోయింది నేనే, యాదగిరి నిజమే చెప్పాడు అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. మేనేజరు గారు "మీరాండీ దాసు గారూ!" అని, ఆ తర్వాత రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు. యాదగిరి పేరు పర్మనెంటు జాబితాలో వెళ్లింది.

యాదగిరి నా దగ్గరికొచ్చాడు. "ఒక్క గంట ఛుట్టీ ఇయ్యుండ్రి సారూ. ఇంటికి పోయి మా అమ్మకు చెప్పొస్త. సోమారం సంది బువ్వ ముడుతలేదు," అన్నాడు. ఆ మాటకు నేను ఏడ్చేశాను.

ఆ తర్వాత పుస్తకంలో ఏ పేరూ దానంతటది రాలేదు. ప్రభువే మాట్లాడాడని పాస్టరు గారు అన్నారు. నమ్మాలనే ఉంది, కానీ ప్రభువు నా చేతిరాతను అనుకరిస్తాడా అని నా పాడు బుద్ధి అడుగుతుంది. "మీరే రాసుకుని మర్చిపోయుంటారు, మర్చిపోవడం మీకు కొత్తా?" అంది మా ఆవిడ. అది ఒప్పుకోవడానికి కూడా నేను సిద్ధమే.

కానీ ఆ పేజీ ఇంకా నా దగ్గరే ఉంది. యాదగిరి పేరు అన్నిసార్లూ నా రాతే. పిచ్చయ్య అన్నది మాత్రం కాదు. అది అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కునేవాడి వంకర రాత. మిల్లులో ఉన్న రోజుల్లో నాది అచ్చం అలాగే ఉండేది. ఇప్పుడు అలా రాద్దామని ఎన్నిసార్లు ప్రయత్నించినా నాకు రాలేదు.

అది ఎవరు రాశారో నాకు తెలియదు. రోజూ పొద్దున ప్రార్థనలో ముందు ఆ పేరు చదువుతాను, తర్వాతే మిగతావాళ్లవి.